కోత చెప్పే మనిషి

ఫిబ్రవరి 26, గురువారం. ఉదయం నుంచి ఎండ. గాలి లేదు. స్థలం: ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో ఆయన ద్రాక్షతోట, ఇంటి ముందరి పందిరి.

ఉన్నవారు: ఆయన భార్య, నేను వదినా అని పిలుస్తాను. కొడుకు, డోన్‌లో లారీ ఆఫీసులో పని, పది రోజులుగా ఇక్కడే ఉన్నాడు. కోడలు సుజాత, తోట ఇప్పుడు ఈమె చేతిలోనే ఉంది. చుట్టుపక్కల ద్రాక్ష రైతులు ఏడుగురు, వాళ్ళలో పక్కతోట ఓబులేసు ఒకడు. వంటవాళ్ళు ఇద్దరు. బంధువులు ముప్పైమంది దాకా, లెక్కపెట్టలేదు. నేను.

ఈరోజు ఆయన పెద్దదినం. ఆయన పోయి ఇది పదకొండో రోజు.

నా సంచిలో అయిదేళ్ళ కిందటి డైరీ పెట్టుకొని వెళ్ళాను. ఈ చుట్టుపక్కల పన్నెండు తోటల్లో కోత ఏ రోజో చెప్పేది ఒకప్పుడు ఆయనే. అయిదేళ్ళ కిందట ఆయన మాట పోయింది. అది నా వల్ల పోయింది. ఆ సంగతి ఆయనకు తప్ప బయట ఎవరికీ తెలియదు. ఆయన బతికుండగా నేను ఎవరికీ చెప్పలేదు. ఈరోజైనా ఆ ఏడుగురికీ చెప్పాలని బస్సెక్కాను.

అంతకు ముందు ఆయన ఎలాంటివాడో రాసుకోవాలి. లేకపోతే పోయింది ఏమిటో చదివినవాళ్ళకు అర్థం కాదు.

ఈ వైపు పండేది తోపుడుబండి మీద పెట్టి అమ్మే ద్రాక్ష కాదు. నల్లటి గుండ్రటి పండు, మందపు తోలు, లోపల గింజలు. నోట్లో వేసుకొని నొక్కితే గుజ్జు తోలు విడిచి జారిపోతుంది. రసం తీయడానికీ వైను చేయడానికీ పనికొచ్చే పండు ఇది. కంపెనీ లారీ వచ్చి క్రేట్లలో తీసుకుపోతుంది. లారీ వద్దంటే బజారులో ఎవరూ ముట్టరు. కాబట్టి ఏ రోజు కోయాలన్నదే ఇక్కడ అసలు సేద్యం. ముందు కోస్తే పులుపు. ఆలస్యం చేస్తే కందిరీగలు. మధ్యలో ఒక వాన పడిందంటే పండంతా పగులుతుంది. పన్నెండు తోటలవాళ్ళూ ఆయన వచ్చి రుచి చూసి రోజు చెప్పేదాకా గుత్తికి కత్తెర పెట్టేవారు కాదు. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు. ఒక ఏడాది ఒకరు పిలిచారు, మరుసటి ఏడాది ఇద్దరు పిలిచారు, అలా అలవాటైంది.

నేను ఆళ్లగడ్డ బస్టాండులో కంట్రోలరుగా ఉన్నప్పుడు ఆయన పరిచయం. మాఘమాసంలో తెల్లవారి ఆరు గంటల బస్సుకు వచ్చేవాడు. భుజాన తువ్వాలు, దాని కొసన మూటగట్టిన బొరుగులు. దూరపు తోటలకు పోయేటప్పుడు మాత్రమే బస్సు, దగ్గరివైతే నడకే. మూడు రోజులు వరసగా చూసి, నాలుగో రోజు పక్క అంగడి నుంచి టీ తెప్పించాను.

"తాగన్నా."

"వద్దప్పా. నాలిక పని మీదుంది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నవ్వుతాండావేంది? డ్యూటీలో ఉండే బస్సులో గడ్డిమోపులు ఎక్కిస్తావా నువ్వు?"

ఎక్కించనన్నాను. "మళ్ళా? ఇదీ అంతే," అని బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆ టీ నేనే తాగాను. ఆ రోజు డైరీలో ఈ మాట రాసుకున్నాను, కింద ఆ బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యంగా బయలుదేరిందని కూడా ఉంది.

కోతలకు పదిహేను రోజుల ముందు నుంచి ఆయన నాలుకకు పత్యం. కారం లేదు, ఊరగాయ లేదు, వక్కాకు లేదు, టీ కాఫీలు లేవు. రెండు పూటలా పెరుగన్నం, ఉప్పు కూడా తక్కువ. ఇంట్లో పోపు వాసన వచ్చినా ఊరుకునేవాడు కాదు. వదిన ఈ విషయం దారిన పోయేవాళ్ళను నిలబెట్టి చెప్పేది.

"సూడు సారూ, ఆయప్ప నాలిక్కి పత్యమైతే నా నోటికేం రోగం? జాడీ మూత తీస్తే ఆయప్పకు రుచి చెడ్తాదంట. పదైదు దినాల నుంచి మా చెల్లెలింట్లో తింటాండా."

"తిని వచ్చి నా పక్కన కూచోవద్దు," అనేవాడు ఆయన వసారాలోంచి.

"కూచోను. నువ్వే నా పక్కన కూచున్న్యావు, ఇప్పుడు లెయ్."

ఆయన లేచి రెండు అడుగులు అవతల కూర్చునేవాడు.

రుచి చూడటం పొద్దు పొడిచిన గంటలోపే జరగాలి. ఎండ ఎక్కితే పండు వేడెక్కి ఉన్నదానికంటే తీపిగా తోస్తుందట. తోటకు నాలుగు మూలలు, ఒక నడుమ. బోరు వైపు మూలతో మొదలుపెట్టేవాడు, ఎందుకంటే అక్కడ తడి ఎక్కువ, మాగడం ఆలస్యం. గుత్తిలో భుజం దగ్గరి పండు తీసేవాడు కాదు. కింద కొనన ఉండే పండే తీసేవాడు. "పైది మాగిందంటే ఏముంది, అది పెద్దకొడుకు. కొనలో ఉండేది చెప్తాది ఇంటి సంగతి," అనేవాడు. గుజ్జు మింగి, తోలు నిదానంగా నమిలి, గింజలను అరచేతిలోకి ఉమ్మేవాడు. గింజ పచ్చగా ఉంటే అక్కడితో ఆపి ఇంటికి పోవడమే. గోధుమరంగు తిరిగి ఉంటే పంటి కింద వేసుకొని కొరికేవాడు. వేయించిన శనక్కాయ విరిగినట్టు విరగాలి. తర్వాత నాలుక మీది రుచి పోవడానికి గుప్పెడు బొరుగులు, ఒక గుక్క నీళ్ళు, ఇంకో మూలకు నడక.

అయిదు చోట్లా అయ్యాక "కోయండి" అని ఎప్పుడూ అనేవాడు కాదు. వారం పేరు ఒక్కటే చెప్పేవాడు. "శుక్రవారం" అని చెప్పి తువ్వాలు దులుపుకొని నడిచేవాడు. కొత్తగా తోట పెట్టినవాళ్ళు వెంటపడి "ఏ శుక్రవారమన్నా?" అని అడిగితే వెనక్కి తిరగకుండా, "పండు రెండు శుక్రవారాలు ఆగుతాదేందప్పా?" అనేవాడు.

కోత రోజు కంపెనీ మనిషి తీపి చూసే చిన్న గొట్టంతో వస్తాడు. పండు రసం ఒక చుక్క దాని అద్దం మీద వేసి, వెలుగు వైపు పెట్టి కన్నానిస్తే అంకె కనపడుతుంది. నాకు ఇలాంటివి సరిచూసే అలవాటు ఉంది కాబట్టి మూడేళ్ళు ఆయన మాట ఒక వైపు, గొట్టం అంకె ఒక వైపు రాసి పెట్టాను. గొట్టం ఒక్కసారే ఆయనకు ఎదురు తిరిగింది. ఆ రోజు అద్దం కడిగిన నీళ్ళు సరిగా తుడవలేదని తర్వాత తేలింది. ఈ సంగతి ఆయనకు చెబితే సంతోషిస్తాడనుకున్నాను. "ఆ యప్పకు తువ్వాలు లేదా?" అని మాత్రం అడిగాడు.

తోట పందిరికి బేతంచెర్ల రాళ్ళు పాతించాడు. ఆగ్నేయం మూలలో మాత్రం రాయి వేరు. ఆళ్లగడ్డలో శిల్పి దగ్గర ముక్కు దగ్గర బీట పడి పక్కన పడేసిన ఆంజనేయుడు. సగమే చెక్కినది. దాన్ని బండిలో తెచ్చి నిలబెట్టి ఇనుపతీగ కట్టాడు. వచ్చినవాళ్ళు చెంపలు వేసుకుంటే, "ముక్కు పోయిందని గుళ్ళోకి రానీలేదు. పందిరి మోసేదానికి ముక్కేంటికి?" అనేవాడు. వదిన శనివారాలు అక్కడ దీపం పెట్టేది. దానికి అడ్డు చెప్పలేదు, కోతల రోజుల్లో మాత్రం అగరబత్తి వద్దనేవాడు.

వైను ఆయన తాగలేదు. తాగేవాళ్ళను ఏమీ అనలేదు. అహోబిలం నుంచి వచ్చిన బంధువు ఒకాయన, గుడి కైంకర్యం చేసే కుటుంబానికి స్నేహితుడు, వసారాలో కూర్చొని, "ఇంత చేసి తాగుడుకు పండిస్తాండావే" అన్నాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన చిక్కుపడిన ఇనుపతీగలు విప్పుతూ, "నేను పండిస్తాండేది పండు," అన్నాడు. "ఇంటి నుంచి పోయినాక అది రసమైతాదో, వైనైతాదో, దాని ఇష్టం. నీ కొడుకు యాడ తిరుగుతాండాడో నీకు తెలుసా?" బంధువు టాపిక్కు మార్చాడు.

ఇంకోసారి కంపెనీవాళ్ళు వైను సీసా ఒకటి పంపారు. దాన్ని నెలరోజులు అటక మీద పెట్టి, ఒక పొద్దున నా ఎదురుగానే మూత తీయించి, చెంచాలో పోసుకొని నాలుక మీద వేసుకున్నాడు. పావు నిమిషం నోట్లో తిప్పి పెరట్లోకి ఉమ్మాడు. నేను ఎలా ఉందని అడిగాను.

"ఎవరో గాని, నాలుగు దినాలు ముందే కోసినారు."

మిగతాది జామచెట్టు పాదులో పోశాడు.

రిటైరయ్యాక నంద్యాలలో ఇల్లు ఉన్నా, ఆయన తోటకు ఆనుకొని ఒక ఎకరా తీసుకొని నిమ్మచెట్లు పెట్టాను. వారంలో నాలుగు రోజులు అక్కడి షెడ్డులోనే ఉంటాను. ఇంటి దగ్గర గడియారం చూసి చేసే పనులేవీ మిగలలేదు. ఆయన పక్కన ఉంటే పొద్దు గడిచేది. మాది బండి ఆత్మకూరు వైపు, కాలువ కింద వరి. మా నాయన తడి కోసం గట్టు మీద కాపలా కాసేవాడు. ఎండి నెర్రెలు విడిచిన నేల చూస్తే మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు. కాలువ కింద పుట్టినవాళ్ళకు అది పోదు. ఆయన నన్ను ఎగతాళి చేసేవాడు కూడా. "నీకు నీళ్ళు తప్ప ఇంగేం కనపడవు సారూ. మనిషి ఏడ్చినా ఎంత పారిందని చూస్తావు."

ద్రాక్షకు మాగే రోజుల్లో నీళ్ళు ఆపాలి. అది నాకు తెలుసు, ఆయనే చెప్పాడు. తీగ కొంచెం ఎండితేనే పండులోకి తీపి దిగుతుంది. తూకానికి అమ్మే పండ్లకు కోత ముందు తడి పెడతారు, కాయ ఉబ్బుతుంది. రసానికి పోయే పండుకు అలా పెడితే తీపి పలచబడి చెడుతుంది. వాళ్ళ వాళ్ళ తోటల్లో నీళ్ళు ఏ రోజు ఆపాలో కూడా ఆయనే పోయి చెప్పేవాడు. రైతులు భయపడేవాళ్ళు. ఆకు వాలుతుంటే చూస్తూ కూర్చోవడం ఎవరికైనా కష్టమే.

అయిదేళ్ళ కిందట, కోతకు వారం ముందు, ఆయన కంటి పొర ఆపరేషనుకు కర్నూలు పోవలసి వచ్చింది. వదిన వెంట వెళ్ళింది. సుజాత కాన్పుకు పుట్టింట్లో ఉంది. పోతూ తోట నాకు అప్పజెప్పాడు. బోరు స్విచ్చు చూపించి, "దీని జోలికి పోవద్దు," అన్నాడు. "ఆకు వాల్తాది. వాలనీ. పిట్టలు రాకుండా చూడు, సాలు."

సరేనన్నాను. డైరీలో కూడా రాశాను: నీళ్ళు వద్దన్నారు.

తర్వాతి మూడు రోజుల పేజీలు ఇవి.

"శనివారం. వేడిగాలి. ఆకులు బాగా వాలినవి. పడమటి వైపు అంచులు మాడుతున్నవి. ఆయనకు కట్టు కట్టి ఉంటారు, ఫోను చేసి కంగారు పెట్టరాదు. మధ్యాహ్నం రెండు గంటలు బోరు వేసినాను."

"ఆదివారం. ఆకులు లేచినవి. సంతోషం. మూడు గంటలు బోరు."

"సోమవారం. పండు నిగనిగలాడుచున్నది. రెండు గంటలు. రేపు వస్తారు, చూసి మెచ్చుకొందురు."

ఆయన మంగళవారం నల్లకళ్ళద్దాలతో దిగాడు. ఇంట్లోకి పోకుండా తోటలోకి వచ్చాడు. నేను వెనక నడుస్తున్నాను, ఏదో చెబుతూనే ఉన్నాను. మొదటి సాలు దగ్గర ఆగి చెప్పు విడిచాడు. బొటనవేలితో నేల నొక్కాడు. మళ్ళీ చెప్పు తొడుక్కొని, బోరు వైపు మూలకు పోయి, కొన పండు ఒకటి నోట్లో వేసుకున్నాడు. గింజలు అరచేతిలో పెట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. కొన్ని గుత్తుల్లో పండ్లు పగిలి ఉన్నాయి. నాకు అవి అప్పుడే కనపడ్డాయి.

"ఎన్ని తడులు?" అన్నాడు.

"మూడు."

"ఊ."

 నేను క్షమించమన్నాను. ఆయన గింజలు పారేసి, "కన్ను మంటగా ఉంది, లోపలికి పోతా," అన్నాడు.

మరుసటి రోజు కంపెనీ మనిషి రావలసిన రోజు. ముందే అనుకున్నది, ఆపడానికి వీల్లేదు. వస్తే ఎప్పుడూ ఈ తోటలోనే మొదలు, చూడటానికి నలుగురైదుగురు రైతులు వస్తారు. ఓబులేసు ముందు నిలబడ్డాడు. కంపెనీ మనిషి గొట్టం కంటికి పెట్టుకొని, తీసి, అద్దం తుడిచి, మళ్ళీ రసం వేసి చూశాడు. పదహారు దాటాలి. పదమూడు చూపిస్తోంది.

"ఏందన్నా ఇది? నీ తోటేనా? నీళ్ళు పెట్టినారా?"

"పెట్టినా," అన్నాడు ఆయన.

"నువ్వా?"

"నా తోటలో ఇంకెవురు పెడ్తారు?"

నేను ఆయన పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను. ఆయన నా వైపు తిరిగి, "సారూ, వసారాలో చెంబు ఉండాది, నీళ్ళు తీస్కరా," అన్నాడు. నేను చెంబు కోసం వెళ్ళాను.

ఆయన పంపించాడు కాబట్టి వెళ్ళానని చాలాకాలం అనుకున్నాను. నిజానికి, పంపించినందుకు నాకు హాయిగా అనిపించింది. చెంబుతో తిరిగి వచ్చేసరికి ఓబులేసు మాట్లాడుతున్నాడు.

"మా తోటలన్నీ ఎండగట్టిపిచ్చి, తనది మాత్రం తూకానికి తడి పెట్టుకున్న్యాడు. బాగుందప్పా. మనం నాలిక నాలిక అని ఆయప్ప ఎనకమాల తిరుగుతాండాం."

ఎవరూ నవ్వలేదు, ఎవరూ కాదనలేదు. ఆయన నా చేతిలోంచి చెంబు తీసుకొని నోరు పుక్కిలించి ఉమ్మాడు.

పంట పోలేదు. బోరు ఆపి పన్నెండు రోజులు కాచాడు. వదినా, ఆయనా, నేనూ పగిలిన పండును ఒక్కొక్కటే కత్తెరతో తీసి పారేశాము. వాన రాలేదు. తీపి మళ్ళీ దిగింది, చివరి లారీకి ఎత్తారు. కానీ మరుసటి ఏడు ఆయనను పిలవడానికి ఎవరూ రాలేదు. ఎవరికి వారు గొట్టాలు కొనుక్కున్నారు, లేదా ఓబులేసును అడిగారు. ఆయన మాఘం రాగానే పత్యం మొదలుపెట్టాడు. తెల్లవారుజామున లేచి, బొరుగులు మూటగట్టుకొని, వసారాలో రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. ఏడున్నర దాకా కూర్చొని, మూట విప్పి కోళ్ళకు చల్లేవాడు. అలా నేను చూసిన రోజులు పదకొండు. ఆ తర్వాత రోడ్డు వైపు కాకుండా తోట వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. మాఘంలో తెల్లవారి అటు పోవడం నేను మానుకున్నాను.

ఆ ఏడే అడిగాను. "అన్నా, నేను పోయి చెప్తాను. నీళ్ళు పెట్టింది నేనని."

"చెప్పి?"

"నీ మాట నీకు వస్తుంది."

"యాడ వస్తాది? నిన్ను తోటకు పెట్టినోన్ని నేనే కదప్పా. పండు నోట్లో ఏసుకుంటే పచ్చో మాగిందో చెప్తాడు గాని, మనిషిని ఇరవై ఏండ్లు చూసినా చెప్పలేకపాయె అంటారు. దాని కంటే ఇదే నయం."

ఈ మాట అని నవ్వాడు. నేనూ నవ్వాను. అక్కడితో వదిలేశాను. ఆయన వద్దన్నాడు కదా అని ప్రతి ఏడూ నాకు నేనే చెప్పుకున్నాను. ఆ నవ్వులో ఎంత పులుపుందో ఆలోచించలేదు.

ఈ నెల పదహారున ఉదయం, తోటలోనే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. అప్పుడు ఆయన పత్యంలో ఉన్నాడు.

ఇక ఈరోజు. భోజనాలు ఒంటిగంటకు మొదలయ్యాయి. ఓళిగలు, వడలు, వంకాయ కూర, పాయసం. రైతులు ఏడుగురూ ఒక వరసలో కూర్చున్నారు. నేను వాళ్ళ ఎదురు వరసలో. తిన్న తర్వాత ఎవరూ లేవలేదు, మాట కోతల మీదికి పోయింది. రేపు పొద్దున్నే తన తోటలో కోత పెట్టినట్టు, కూలీలకు చెప్పినట్టు ఓబులేసు అన్నాడు.

"గొట్టంలో పదహారు వచ్చింది. సాలు," అన్నాడు. తర్వాత వదిన వింటోందని చూసుకొని, "ఆయప్ప నాలిక మంచిదే. ఆ ఒక్క ఏడు ఆశకు పోయినాడు, అంతే," అన్నాడు.

నేను డైరీ తీశాను. ముందుమాట ఏమీ లేకుండా ఆ మూడు రోజుల పేజీలు చదివాను. వాటిలో నా నిమ్మచెట్ల సంగతి, ఆరోజు దినపత్రిక రాలేదన్న సంగతి కూడా ఉన్నాయి. అవీ చదివాను. "చూసి మెచ్చుకొందురు" దగ్గర ఆపాను.

 రైతుల్లో అందరికంటే పెద్దాయన, "నువ్వా సారూ?" అన్నాడు.

"నేనే."

"మళ్ళా ఆయప్ప నేనే పెట్టినా అన్న్యాడే?"

"అవును. నేను పక్కనే ఉన్నాను."

"అయిదేండ్లు బుక్కులో పెట్టుకున్న్యావా దీన్ని?" అన్నాడు ఓబులేసు.

 వదిన స్తంభానికి ఆనుకొని కూర్చొని ఉంది. ఆమెకు కూడా తెలియదని అప్పుడు ఆమె ముఖం చూస్తే అర్థమైంది. ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. ఆమె గొంతు పెంచలేదు.

"ఆ పొద్దే చెప్పింటే ఆయప్ప ఇంగా నాలుగేండ్లు తోటలు తిరిగేవాడు సారూ. ఇప్పుడు చెప్తాండావు. ఇనేదానికి ఆయప్ప యాడుండాడు?"

"లేడు వదినా."

"నాకు తెల్దా లేడని?"

ఆమె రైతుల వైపు తిరిగింది. "మీరు మాత్రం ఏం తక్కువ? ఒగడన్నా వచ్చి ఏమైందన్నా అని అడిగినారా? గొట్టాలు కొనుక్కున్న్యారు." ఆమె పక్కన సుజాత తింటున్న ఆకు చూపించింది. అందులో పెరుగన్నం ఒక్కటే ఉంది. దుఃఖంలో వేరేవి తినబుద్ధి కాలేదేమో అని నేను అంతకుముందు అనుకున్నాను. "ఈ పిల్ల అయిదేండ్ల నుంచి మాఘంలో కారం ముట్టల్యా. మీరు పిలవకపోయేసరికి ఆయప్పకు పండు సంగతి చెప్పేదానికి మనిషి కావల్ల. ఈయమ్మను పొద్దున్నే లేపుకొని పోతాండె. పిల్లోనికి పాలిచ్చి పోతాండె ఈయమ్మ."

సుజాత తల ఎత్తలేదు. "వద్దత్తా," అంది.

ఓబులేసు లేచి కొళాయి దగ్గర చేతులు కడుక్కొని, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచారు. పెద్దాయన పోతూ నా భుజం మీద చేయి వేయబోయి, వేయకుండా పోయాడు. నేను షెడ్డుకు వచ్చి ఇంతవరకు రాసుకున్నాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం.

ఆరున్నరకు ఓబులేసు తోట ముందర ట్రాక్టరు నిలబడి ఉంది, నిండా ఖాళీ క్రేట్లు. కూలీ ఆడవాళ్ళు పదిహేనుమంది కత్తెరలతో దిగారు. నేను కంచెకు ఇవతల నిమ్మపాదులు చూస్తున్నాను. ఓబులేసు వాళ్ళను ఆగమని చెప్పి, గట్టు దాటి ఆయన ఇంటికి వచ్చాడు. నన్ను చూశాడు గానీ పలకరించలేదు. వసారా మెట్టు ఎక్కకుండా కిందే నిలబడ్డాడు. వదిన ఊడుస్తోంది. ఆమె కూడా లోపలికి రమ్మనలేదు.

"సుజాతమ్మను ఒగసారి పంపిస్తావా?" అన్నాడు.

"ఏంటికి?"

"తోట చూసేదానికి."

వదిన చీపురు ఆపింది. లోపలికి చూసి కోడలిని పిలిచింది. సుజాత కొంగు బిగించుకొని, గిన్నెలో బొరుగులు తీసుకొని వచ్చింది. ఓబులేసు ముందు నడవబోయి, ఆగి, ఆమెకు దారి ఇచ్చాడు.

బోరు వైపు మూలకు పోయింది. తర్వాత కొండ వైపు. ఒక్కో చోటా ఆమె అరచేతిలోకి ఉమ్మి చూడటం నాకు ఇక్కడి నుంచి కనపడింది. అయిదు చోట్లా చూసేసరికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. కూలీ ఆడవాళ్ళు కత్తెరలు పట్టుకొని నిలబడే ఉన్నారు.

"మంగళవారం," అంది.

ఓబులేసు తల గోక్కున్నాడు. "లారీకి చెప్పినా కదమ్మా. గొట్టంలో పదహారు వస్తాంది."

"కొనకాయ నోట్లో ఏసుకో మామా. గింజ కొరుకు."

ఆయన ఒకటి తెంపి నోట్లో వేసుకున్నాడు. కొరికి, ముఖం చిట్లించి, పక్కకు ఉమ్మాడు. కొంచెంసేపు పందిరి వైపు చూశాడు. తర్వాత కూలీల దగ్గరికి పోయాడు.

"పోండమ్మా. మంగళవారం రాండి."

"ఏందప్పా, పొద్దున్నే లేపి ఆట్లాడుతాండావా?" అని ఒకామె గట్టిగా అడిగింది. "ఎవురు చెప్పినారు మంగళవారమని?"

ఓబులేసు ఆయన పేరు చెప్పాడు. అయిదేళ్ళలో ఆ మనిషి నోట ఆ పేరు నేను వినలేదు. పేరు చెప్పి, "ఆ ఇంటోళ్ళు చెప్పినారు," అన్నాడు.

 ఆడవాళ్ళు కత్తెరలు కొంగున చుట్టుకొని రోడ్డు వైపు నడిచారు. వదిన నాతో ఇంకా మాట్లాడలేదు. ఏడు గంటల పది నిమిషాలకు ట్రాక్టరు ఖాళీ క్రేట్లతో వెనక్కి తిరిగింది.